తవ్విన రోడ్డు మీద జరిమానా ఎవరికి?
చలానా బండికి పడుతుంది - బోర్డు పెట్టనివారి మాటేమిటి?

ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఒకటి, నెత్తిన పసుపుపచ్చ టోపీ ఒకటి. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద పనులు జరిగే చోట వచ్చే బండ్లను నిదానించమని చెప్పవలసిన మనిషి దగ్గర ఉండే సరంజామా ఇంతే. ఎదురుగా వచ్చేది సిమెంటు లోడు లారీ కావచ్చు, రాత్రి నిద్ర లేని డ్రైవరు నడిపే బస్సు కావచ్చు, పండగకు ఊరికి పోతున్న కారు కావచ్చు. కర్ర చూసి ఆగితే సరి. ఆగకపోతే కర్ర వదిలేసి పక్కకు దూకటం తప్ప చేయగలిగింది లేదు. ఆ పక్కన ఉండేది కూడా నేల కాదు, ఫ్లైఓవరు పునాది కోసం తవ్విన గుంత.

పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే ఈ రహదారి పాత పేరు తొమ్మిదో నెంబరు. ఇప్పుడు 65. మల్కాపురం నుంచి నందిగామ దాకా సుమారు 181 కిలోమీటర్ల మేర దీన్ని నాలుగు వరుసలుగా వెడల్పు చేసే పని 2012 చివరికి ముగిసింది. రోడ్డు నున్నగా తయారైంది గాని, ఊళ్ల దగ్గర దాటే దారి మాత్రం నేల మీదనే ఉండిపోయింది. పొలం ఒకవైపు, ఇల్లు మరొకవైపు. బడి ఒకవైపు, బస్సు ఎక్కే చోటు మరొకవైపు. రోడ్డు దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చివరికి ప్రమాదాలు ఎక్కువగా జరిగే 17 చోట్లను గుర్తించి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు వేసే పనులు 2024లో మొదలుపెట్టారు. చిట్యాల, పెద్దకాపర్తి వంటి చోట్ల వాహనాలను పక్క రోడ్డు మీదికి మళ్లించారు.

ప్రమాదం తప్పించటానికి చేసే పని అది. కాని ఆ పని జరిగినన్నాళ్లూ ఆ చోటే ప్రమాదానికి నిలయంగా మారటం ఈ రోడ్డుకే కాదు, ఎక్కడ రోడ్డు తవ్వినా కనిపించేదే. నాలుగు వరుసల మీద దూసుకొచ్చే బండ్లన్నీ ఒక్కసారిగా సందులో పడతాయి. ఆ సందులోనే ఊరి ఆటో, మేకల మంద, పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలు, వడ్ల బస్తాల ట్రాక్టరు. అందరికీ ఒకటే దారి.

ఇట్లాంటి చోట వేగంగా పోయినవారికి జరిమానా ఎంత? వేగం ఇంత అని ఎవరు నిర్ణయిస్తారు? బోర్డు లేకపోతే తప్పు ఎవరిది? రోడ్డు పక్క ఊళ్లలో చలానా అందుకున్న ప్రతివారూ అడిగే ప్రశ్నలు ఇవే. టీకొట్టు దగ్గర ఒకరు చెప్పింది మరొకరు చెప్పరు. అందువల్ల చట్టంలో ఏమున్నదో తెలుసుకోవటం అవసరం.

పని చోట రెట్టింపు జరిమానా ఉందా?

ఉందని కొందరు అనుకుంటారు. లేదు. మన దేశపు మోటారు వాహనాల చట్టంలో రోడ్డు పని జరిగే చోటికి ప్రత్యేకంగా రెట్టింపు జరిమానా అన్నది లేదు. అతివేగానికి 183వ సెక్షను ఒక్కటే వర్తిస్తుంది. 1988 నాటి చట్టంలో మొదటి తప్పుకు 400 రూపాయల వరకు మాత్రమే ఉండేది. 2019లో చట్టాన్ని సవరించారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీ నుంచి తేలికపాటి వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు, లారీలు బస్సులు వంటి మధ్యరకం, భారీ వాహనాలకు రెండు వేల నుంచి నాలుగు వేల రూపాయలుగా మార్చారు. రెండోసారి అదే తప్పు చేస్తే డ్రైవింగు లైసెన్సు పట్టుకుపోతారు. కోర్టుకు పోకుండా అక్కడికక్కడ కట్టే మొత్తం ఎంతో నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఉంది. అందుకే కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోయిన బండికి వచ్చే చీటీ, ఇటు సూర్యాపేట వైపు వచ్చే చీటీ ఒకే తీరుగా ఉండాలని లేదు. ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణలో వేగానికి వచ్చిన చలానాలు వెయ్యి రూపాయలు, దానిపైన సర్వీసు చార్జి 35 రూపాయలు.

అయితే వేగం ఒక్కటే కాదు. 184వ సెక్షను కింద ప్రమాదకరంగా నడపటం అనే నేరం వేరే ఉంది. ఇది గట్టిది. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గాని, వెయ్యి నుంచి అయిదు వేల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రెండేళ్ల జైలు లేదా పదివేల జరిమానా దాకా పోతుంది. ఎదురుదారిలో పోవటం, నడుపుతూ సెల్‌ఫోను పట్టుకోవటం, ఆగమన్న గుర్తును లెక్క చేయకపోవటం, అడ్డదిడ్డంగా ముందు బండిని దాటటం - ఇవన్నీ 2019 సవరణ తర్వాత ఈ సెక్షను కిందికే వచ్చాయి. పని జరిగే చోట జరిగేవి సరిగ్గా ఇవే కావటం గమనార్హం.

పాత నిబంధనల్లో ఒక మాట ఉండేది. అది చాలామందికి తెలియదు. 1989లో కేంద్రం చేసిన రోడ్డు నియమాల్లో ఊరేగింపు పోతున్నప్పుడు గాని, సైనికులు పోలీసులు కవాతు చేస్తూ పోతున్నప్పుడు గాని, రోడ్డు మరమ్మతు చేస్తున్న కూలీల పక్కనుంచి పోతున్నప్పుడు గాని గంటకు 25 కిలోమీటర్లు మించి నడపరాదు అని స్పష్టంగా రాసి ఉంది. తట్ట మోసే కూలీని సైనికుడితో సమానంగా చూసిన నియమం అది. దాన్ని పాటించిన బండి ఎన్నడైనా కనిపించిందా అంటే సమాధానం చెప్పటం కష్టం. ఆ నియమాల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగు నిబంధనలు వచ్చాయి. రోడ్డు స్థితి, రద్దీ, కనుచూపు చూసుకుని వేగాన్ని అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత డ్రైవరుదే అన్నది వాటి సారాంశం.

బోర్డు ఉంటేనే వేగానికి హద్దు

2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాలు ఇవి: మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, బస్సులకు 90, లారీలకు, మోటారు సైకిళ్లకు 80, ఆటోలకు 50. రోడ్డు బాగున్నప్పటి లెక్క ఇది. అదే రోడ్డు తవ్వినప్పుడు ఎంత? అది చట్టంలో అంకె వేసి రాసి ఉండదు. 112వ సెక్షను ప్రకారం రోడ్డు స్థితిని బట్టి, ప్రజల క్షేమం కోసం ఎక్కడికక్కడ వేగం తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చిన వారికి ఉంది. దానికి గెజిటులో ప్రకటించాలి, తగిన చోట బోర్డులు నాటాలి. నెల రోజులు మించని తాత్కాలిక ఆంక్ష అయితే గెజిటు ప్రకటన అక్కరలేదు. గెజిటు అక్కరలేదన్నారు గాని బోర్డు అక్కరలేదని మాత్రం ఎక్కడా అనలేదు.

ఫ్లైఓవరు పని నెల రోజుల్లో అయ్యేది కాదు. అంటే పని సాగినన్నాళ్లూ వేగపు హద్దు పద్ధతి ప్రకారం ప్రకటించి, బోర్డు నిలబెట్టి ఉంచవలసిందే. ఇక్కడే అసలు చిక్కు. బోర్డు నాటినవారు తర్వాత దాని మొహం చూడరు. లారీ తగిలి పడిపోయిన బోర్డు వారాల తరబడి గుంతలోనే ఉంటుంది. దుమ్ము కప్పేసి 40 అన్న అంకె 10గానూ కనబడవచ్చు, ఏమీ కనబడకనూ పోవచ్చు. పని అయిపోయి కూలీలు వెళ్లిపోయిన తర్వాత కూడా 'పనులు జరుగుచున్నవి' అన్న బోర్డు నెలల పాటు వేలాడుతూనే ఉంటుంది. రోజూ ఆ దారిన పోయేవారు దాన్ని నమ్మటం మానేస్తారు. నమ్మటం మానేసిన రోజే అక్కడ నిజంగా పని మొదలవుతుంది.

రోడ్డు పని చోట ఎట్లా మెలగాలో ఇంజనీర్లకు తెలియదా అంటే, తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇందుకోసం ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేసింది. ఎస్.పి. 55 అని దాని నెంబరు. 2014లో సవరించారు. పని చోటును నాలుగు భాగాలు చేయాలని అందులో ఉంది. ముందుగా హెచ్చరించే భాగం, దారి మళ్లే భాగం, పని జరిగే భాగం, మళ్లీ అసలు దారిలో కలిసే భాగం. హఠాత్తుగా ఎదుట ఒక డ్రమ్ము, దాని వెనక మట్టికుప్ప కనిపించకూడదన్నది దాని ఉద్దేశం. వందలో వచ్చే బండిని ఒక్కసారిగా నలభైకి దిగమంటే దిగదు. మెట్టుమెట్టుగా దించాలి. రాత్రి పూట వెలుతురు పడగానే మెరిసే పట్టీలు, మినుకుమినుకుమనే దీపాలు ఉండాలి. ఈ సామాను ఖర్చు కాంట్రాక్టరు తన పనిలో భాగంగానే పెట్టుకోవాలి.

కాగితం మీద ఇంత ఉంది. రోడ్డు మీద చాలాచోట్ల కనిపించేది సున్నం పూసిన రాళ్ల వరుస, ఇసుక నింపిన సంచులు, తుమ్మకొమ్మ. తుమ్మకొమ్మ మన జిల్లాలో అతి పురాతనమైన ట్రాఫికు గుర్తు. చెడిపోయిన లారీ వెనక కూడా అదే పెడతారు.

కెమెరా చెప్పిందే సాక్ష్యం

వేగానికి చలానా వేయాలంటే పోలీసు కంటితో చూసి "వేగంగా వచ్చాడు" అనుకుంటే చాలదు. ఒక్క సాక్షి అభిప్రాయం మీదనే ఎవరినీ శిక్షించరాదని, ఆ అభిప్రాయానికి యంత్రం కొలిచిన లెక్క ఆధారంగా ఉండాలని 183వ సెక్షనులోనే రాసి ఉంది. అందుకే వేగం కొలిచే తుపాకీ వంటి యంత్రాలు, కెమెరాలు వచ్చాయి. 2021 ఆగస్టులో కేంద్రం వీటికి నిబంధనలు చేసింది. యంత్రానికి రాష్ట్రం నియమించిన అధికారి ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రాన్ని ఏటా తిరిగి తీసుకోవాలి. కెమెరా కాపలా ఉన్న చోట ముందుగానే అందరికీ కనిపించేట్టు హెచ్చరిక బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ఫొటోలో బండి నెంబరు, యంత్రం కొలిచిన వేగం, తేదీ, వేళ, చోటు ఉండాలి.

ఇవన్నీ తెలిస్తే చలానా వచ్చినవారు ఏం చూసుకోవాలో తెలుస్తుంది. మొదట ఫొటోలో ఉన్నది తమ బండేనా అన్నది చూసుకోవాలి. బండి అమ్మేసి పేరు మార్చనివారికి ఇతరుల చలానాలు వచ్చిపడటం పల్లెల్లో మామూలు. తర్వాత చోటు. తర్వాత వేగం ఎంత, ఆ చోట హద్దు ఎంత. అక్కడ బోర్డే లేదని నమ్మకంగా చెప్పగలిగినవారు జరిమానా కట్టకుండా కోర్టులో చెప్పుకోవచ్చు. ఆ హక్కు ప్రతివారికీ ఉంది. కాని వెయ్యి రూపాయల చలానా కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకుని కోర్టు మెట్లు ఎక్కేవారు ఎందరు? కట్టేసేవారు కట్టేస్తారు. మిగిలినవారు తగ్గింపు కోసం చూస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబరులో పాత చలానాల మీద రాయితీ ఇచ్చింది. ద్విచక్ర వాహనాలకు మొదటిసారి నూటికి 75, రెండోసారి 80 మాఫీ చేశారు. ఖజానాకు డబ్బు వచ్చింది. అయితే "ఇప్పుడెందుకు కట్టాలి, రేపు తగ్గిస్తారు" అనే మాట కూడా ఆ తర్వాతనే ఊళ్లలో గట్టిపడింది.

కాంట్రాక్టరుకూ ఒక సెక్షను

బండి నడిపేవారికి ఇన్ని సెక్షన్లు ఉండగా, రోడ్డు తవ్వి వదిలేసినవారికి ఏమీ లేదా? 2019 దాకా మోటారు వాహనాల చట్టంలో లేదు. ఆ సవరణలోనే 198-ఎ అనే కొత్త సెక్షను చేర్చారు. రోడ్డుకు నమూనా గీసినవారు, నిర్మించేవారు, నిర్వహించేవారు - అధికారులు గాని, కాంట్రాక్టరు గాని, సలహాదారు గాని - నిర్ణయించిన భద్రతా ప్రమాణాలు పాటించకపోవటం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పొందినా లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. విచారణలో కోర్టు చూడవలసిన సంగతులు కూడా అందులోనే రాశారు. ఆ రోడ్డు మీద ఎట్లాంటి వాహనాలు పోతాయి, అది ప్రమాదకరంగా ఉన్నదని సంబంధిత అధికారికి తెలుసా, తెలిసి ఉండవలసిందా, బాగు చేయటానికి వ్యవధి లేకపోతే కనీసం హెచ్చరిక బోర్డులైనా పెట్టారా?

లక్ష రూపాయలు. కోట్ల రూపాయల పని చేసేవారికి అది ఒక లెక్కలోది కాదు. పైగా మనిషి పోతేనో, కాలో చెయ్యో పోతేనో తప్ప ఈ సెక్షను కదలదు. బోర్డు లేదు గాని ఇంకా ఎవరూ పడలేదు అంటే కాంట్రాక్టరుకు ఈ సెక్షను కింద చలానా లేదు. అదే బోర్డు లేని చోట హద్దు దాటిన మోటారు సైకిలుకు మాత్రం వెంటనే ఉంది. ఈ తేడా ఎందుకని అడిగితే సరైన జవాబు చెప్పగలవారు కనపడరు.

అయినా ఆ సెక్షను ఉత్తదేం కాదు. వాడుకోవటం తెలియాలి. రోడ్డు పని చోట ప్రమాదం జరిగితే ఊళ్లోవారు ముందు పడినవారిని లేవదీస్తారు, ఆ తర్వాత రాస్తారోకో చేస్తారు. అధికారులు వచ్చి హామీ ఇస్తారు. మర్నాడు తెల్లవారేసరికి అక్కడ బోర్డులు మొలిచి ఉంటాయి, డ్రమ్ములకు కొత్త రంగు కూడా పడి ఉంటుంది. ముందురోజు రాత్రి అక్కడ ఏమీ లేదని చెప్పటానికి సాక్ష్యం మిగలదు. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ ఫోను ఉంది. గాయపడినవారిని 108లో ఎక్కించిన వెంటనే ఆ చోటును రెండు వైపుల నుంచీ ఫొటో తీసి పెట్టుకోవాలి. గుంత, దీపం లేని డ్రమ్ము, బోర్డు లేని మలుపు అందులో పడాలి. పోలీసులు పంచనామా రాసేటప్పుడు అక్కడ హెచ్చరిక గుర్తులు ఉన్నవీ లేనివీ రాయమని అడగాలి. ఫిర్యాదులో 'గుర్తు తెలియని వాహనం ఢీకొని' అని మాత్రమే రాసి సంతకం పెడితే, రోడ్డు సంగతి అక్కడితో ముగిసిపోయినట్టే.

గుర్తు తెలియని వాహనం అన్న మాట వచ్చింది గనుక మరొకటి. రాత్రి పూట పనిచేసే కూలీని ఢీకొని ఆగకుండా పోయిన బండి దొరకకపోతే ఆ కుటుంబానికి ఏమీ రాదని ఇప్పటికీ అనుకునేవారున్నారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇట్లాంటి కేసుల్లో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేల రూపాయలు పరిహారం ఇచ్చే పథకం అమల్లోకి వచ్చింది. అంతకుముందు మరణానికి ఇచ్చింది పాతిక వేలు మాత్రమే. దరఖాస్తు ఆర్డీఓ, తహసీల్దారు వంటి రెవెన్యూ అధికారికి పెట్టుకోవాలి. బండి దొరికితే ఇన్సూరెన్సు కంపెనీ మీద ట్రిబ్యునల్‌లో కేసు వేసుకోవచ్చు. పని మీద ఉండగా చనిపోయిన కూలీకి పనిలో పెట్టుకున్నవారు ఇవ్వవలసిన పరిహారం ఉంది. చిక్కేమిటంటే, ఇట్లాంటి పనుల్లో కూలీలు చాలామంది బయటి రాష్ట్రాలవారు. భాష రాదు, పేరు ఏ రిజిస్టరులో ఉందో తెలియదు. శవాన్ని సొంత ఊరికి చేర్చటమే గగనమైనవారు పరిహారం కోసం ఇక్కడ ఆఫీసుల చుట్టూ ఎట్లా తిరుగుతారు?

మన తప్పులూ ఉన్నాయి

తప్పంతా కాంట్రాక్టరుదే, పోలీసులదే అంటే సరిపోదు. యాసంగి కోతలు కాగానే కొత్తగా వేసిన సర్వీసు రోడ్డు కల్లంగా మారిపోతుంది. ఇంకా రాకపోకలు మొదలు కాని నున్నటి రోడ్డు, పైగా ఎండకు కాగిన తారు - వడ్లు ఆరబోయటానికి ఇంతకన్న మంచి చోటు ఏముంటుంది? తేమ ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపుతారు, ఊళ్లో అందరికీ కల్లాలు లేవు. రైతు బాధ అర్థం చేసుకోదగిందే. కాని వడ్ల చుట్టూ వరుసగా పేర్చిన రాళ్లు, పైన కప్పిన నల్లటి పట్టా రాత్రి వేళ మోటారు సైకిలు మీద వచ్చేవాడికి కనపడవు. ఆ రాయి తగిలి పడి చనిపోయిన సంఘటనలు తెలంగాణలో చాలా జిల్లాల్లో జరిగాయి. చనిపోయినవాడూ సాధారణంగా పక్క ఊరి రైతు బిడ్డే.

ఎదురుదారిలో పోవటం రెండోది. పని కోసం మధ్యలో దాటే దారి మూసేస్తారు. అవతలికి పోవాలంటే రెండు మూడు కిలోమీటర్లు ముందుకు పోయి తిరిగి రావాలి. పెట్రోలు దండగ అని సర్వీసు రోడ్డు మీద ఎదురుగా వచ్చేస్తారు. పాలవాడు వస్తాడు, పిల్లల్ని బడికి దించే ఆటో వస్తుంది. ఇరుకైన మళ్లింపు దారిలో ఎదురుగా లారీ వస్తే తప్పుకునే జాగా ఉండదు. ఈ తప్పు 184వ సెక్షను కిందికి వస్తుందని ఇంతకుముందే చెప్పుకున్నాం. వెనక ఎర్రదీపం గాని మెరిసే పట్టీ గాని లేని ట్రాక్టరు ట్రక్కులు మూడోది. దుమ్ములో, చీకటిలో ఆ ట్రక్కు కనపడేసరికే బండి దాని కిందికి పోయి ఉంటుంది. పట్టీకి పెట్టే ఖర్చు ఒకసారి ట్యాంకులో పోసే డీజిలుతో పోలిస్తే ఎంత!

ఇక వేగం లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ఎదురుగా మనిషిని చూసి, కాలు బ్రేకు మీద పడటానికి సెకనున్నర పడుతుంది. అప్పటికే 33 మీటర్లు దాటిపోయింది. బ్రేకు పడి ఆగటానికి పొడి రోడ్డు మీద కారుకు ఇంకో 35 మీటర్లు కావాలి. మొత్తం సుమారు 68. అదే 40లో పోతే అన్నీ కలిపి 26 మీటర్లలో ఆగిపోతుంది. వేగం సగమైతే బ్రేకు పడ్డ తర్వాత పోయే దూరం సగం కాదు, నాలుగో వంతుకు తగ్గుతుంది. లోడు లారీకి, ఇసుక పడ్డ రోడ్డుకు ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. మరి నిదానంగా పోతే పోయే కాలమెంత? రెండు కిలోమీటర్ల పని చోటును 80లో దాటితే నిమిషంన్నర, 40లో దాటితే మూడు నిమిషాలు. తేడా నిమిషంన్నర. పంతంగి టోల్‌గేటు దగ్గర సంక్రాంతికి ఆగే సమయంతో పోలిస్తే అది ఏ మూలకు?

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మంది మరణానికి అతివేగం కారణమని కేంద్రం లెక్క తేల్చింది.

టెక్సాస్‌లో రెట్టింపు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లివచ్చిన తల్లిదండ్రులు ఈ ఊళ్లలోనూ ఉన్నారు. అక్కడ రోడ్డు పని చోట కారు నత్తనడక నడవటం చూసి ఆశ్చర్యపోయామని చెబుతుంటారు. మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డాలస్ నగరం ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో, కూలీలు పనిలో ఉన్నప్పుడు ఆ చోట వేగంగా పోతే జరిమానా రెట్టింపు. కూలీలు ఉన్నప్పుడు జరిమానా రెట్టింపని బోర్డు మీదే రాసి ఉంటుంది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. అక్కడి లెక్కల్లో ఇంకో విశేషం ఉంది. పని చోట జరిగే ప్రమాదాల్లో చనిపోయేవారిలో ఎక్కువమంది కూలీలు కారు, బండ్లలో ఉన్నవారే. అంటే నిదానించమని కూలీ ఊపే జెండా బండిలో కూర్చున్నవారి ప్రాణం కోసమే ఎక్కువగా పనికివస్తున్నది.

అదే చట్టం ఇక్కడా తెస్తే బాగుంటుందని కొందరంటారు. తేవచ్చు. కాని అక్కడ రెట్టింపు అడిగేవారు ముందు బోర్డు పెడుతున్నారు. ఇక్కడ బోర్డు సరిగా నిలబెట్టకుండా జరిమానా మాత్రం రెట్టింపు చేస్తే, కట్టేది పాలవాడూ ఆటోవాడే అవుతారు.

ప్రస్తుతానికి ఊరివారు చేయగలిగింది ఒకటి ఉంది. జాతీయ రహదారి మీద బోర్డు పడిపోయినా, దీపం వెలగకపోయినా, గుంత చుట్టూ కంచె లేకపోయినా 1033 నెంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బులు పడవు. చేసిన ఫిర్యాదుకు నెంబరు ఇస్తే రాసి పెట్టుకోవాలి. పంచాయతీ తరఫున అదే సంగతి కాగితం మీద రాసి రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు, పోలీసు స్టేషనుకు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకుంటే ఇంకా మంచిది. 'ప్రమాదకరంగా ఉన్నదని సంబంధిత అధికారికి తెలుసా' అని రేపు కోర్టు అడిగినప్పుడు ఆ ముద్రే జవాబు చెబుతుంది.

ఫోను చేసేటప్పుడు ఎక్కడని అడుగుతారు. కిలోమీటరు రాయి మీది అంకె చెప్పాలి. పని జరిగే చోట ఆ రాయిని అంతకుముందే పీకి పక్కన పడేసి ఉంటారు గనుక, దగ్గరి ఊరి పేరు, హైదరాబాదు పోయే వైపా విజయవాడ పోయే వైపా అన్నది చెబితే సరిపోతుంది.